పీసు రేటు కూలి కూడా వేతనమే: మెటియాబ్రుజ్ కుట్టు గదుల నుంచి ఒక వివరణ

కోల్‌కతా నగరానికి నైరుతి కొసన, హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌లో శని, ఆదివారాలు సెలవు దినాలు కావు, సంత దినాలు. దేశంలోని అనేక రాష్ట్రాల టోకు వ్యాపారులు అక్కడికి వచ్చి పిల్లల గౌన్లు, చొక్కాలు, కుర్తీలు మూటలుగా కట్టించుకొని తీసుకువెళతారు. పండుగ ముందు మన ఊరి బట్టల దుకాణంలో కొన్న పాప గౌను మీద ఏ ఊరి పేరూ ఉండదు గాని, అది మెటియాబ్రుజ్‌లోని ఏదో ఒక ఇరుకు గదిలో కుట్టినది కావడానికి చాలా అవకాశం ఉంది. ఆ గౌను ధరలో దర్జీ చేతికి వచ్చే భాగాన్ని నెలకో రోజుకో లెక్కించరు. ‘పీసుకు ఇంత’ అని లెక్కిస్తారు.

ఈ వ్యాసం ఆ ‘ఇంత’ గురించి. అది చట్టం దృష్టిలో వేతనమేనా? వేతనమైతే దానికి కనీస పరిమితి ఉందా? పాడైందని కోసివేసిన డబ్బును తిరిగి అడగవచ్చునా? ఎవరిని అడగాలి? ఇవి మెటియాబ్రుజ్ ప్రశ్నలు మాత్రమే కావు. సిరిసిల్లలో మీటరు లెక్కన మరమగ్గం నడిపే కార్మికుడికి, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే మహిళకు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. నెల జీతగాళ్ళకు సైతం వీటిలో కొన్ని వర్తిస్తాయి.

ఓస్తాగర్, దర్జీ, మధ్యలో దలిజ్

మెటియాబ్రుజ్ చరిత్రను అవధ్ నవాబు వాజిద్ అలీ షాతో మొదలుపెట్టడం ఆనవాయితీ. రాజ్యం పోగొట్టుకున్న నవాబు 1856లో కలకత్తా చేరి, 1887లో మరణించే వరకు ఎక్కువకాలం ఇక్కడే గడిపారు. ఆయన వెంట వచ్చిన పరివారంలో దర్జీలు కూడా ఉన్నారని, కుట్టుపనికి బీజం అక్కడే పడిందని స్థానికులు చెప్పుకుంటారు. నేటి కుట్టు పరిశ్రమ ఆకారం మాత్రం నవాబు దర్బారు నుంచి వచ్చింది కాదు, సంత నుంచి వచ్చింది.

ఈ వ్యవస్థకు కేంద్రం ఓస్తాగర్. మన ‘వస్తాదు’కు, బెంగాలీ ‘ఓస్తాగర్’కు చుట్టరికం ఉంది, రెండింటికీ మూలం పర్షియన్ ‘ఉస్తాద్’. ఓస్తాగర్ బట్ట కొంటాడు, డిజైను నిర్ణయిస్తాడు, కత్తిరింపు చేయిస్తాడు, తయారైన సరుకును సంతలో అమ్ముతాడు. కుట్టుపని జరిగే గదిని దలిజ్ అంటారు. అది ఓస్తాగర్ ఇంటిలోనే ఉండవచ్చు, మరొకరి ఇంటిలో ఉండవచ్చు. దక్షిణ 24 పరగణాల పల్లెల నుంచి వచ్చిన దర్జీలు చాలామంది అక్కడే కుట్టి, అక్కడే తిని, మిషన్ల పక్కనే పడుకొంటారు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం, ఇస్త్రీ చేయడం వేరువేరు చేతులలో జరుగుతాయి. వాటిలో కొన్ని పనులు చుట్టుపక్కల ఇళ్ళలోని మహిళలకు చేరుతాయి. వారి కూలి పీసుకు రూపాయలలో కాక పైసలలో ఉండే సందర్భాలూ ఉంటాయి.

ఈదుకు, దుర్గా పూజకు ముందు నెలలలో రాత్రింబవళ్ళు పని. పండుగ దాటగానే మిషన్లు మూలబడతాయి. ఖాళీ రోజులలో ఇల్లు గడవడానికి దర్జీ ముందుగా కొంత డబ్బు తీసుకుంటాడు. పని ఊపందుకున్నప్పుడు అది కూలిలోంచి తరిగిపోతుంది. లెక్క ఓస్తాగర్ పుస్తకంలో ఉంటుంది, దర్జీకి జ్ఞాపకంలో ఉంటుంది. ఈ రెండు లెక్కలూ కలవని నాడు ఏమవుతుందన్నదే అసలు విషయం.

‘ఉద్యోగి’ అనే మాటతో వచ్చిన చిక్కు

చట్టాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి పెద్ద పారిభాషిక పదాలు కావు, ‘ఉద్యోగి’ వంటి చిన్న మాటలు. తెలుగులో ఉద్యోగి అనగానే కుర్చీ, హాజరుపట్టీ, ఒకటో తేదీ జీతం గుర్తుకు వస్తాయి. పీసుకు ఇంత చొప్పున కుట్టే దర్జీ తనను ‘పనివాడు’ అనుకొంటాడే గాని ఉద్యోగి అనుకోడు. ‘నాకు యజమాని లేడు, నా పని నాది’ అని కొందరు గర్వంగానే చెబుతారు. ఆ గర్వంలో న్యాయం ఉంది. కాని అదే మాటను వేతన వివాదంలో ఎదుటి పక్షం తనకు అనుకూలంగా వాడుకుంటుంది: ‘అతను నా ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పని చేసే కంట్రాక్టరు’.

2019 నాటి వేతనాల స్మృతిలో ఉద్యోగి అంటే ఒక సంస్థలో వేతనానికి నైపుణ్యం గల, నైపుణ్యం లేని, శారీరక, సాంకేతిక, గుమాస్తా తదితర పనులలో ఏదైనా చేసే వ్యక్తి. అప్రెంటిస్‌లకు ఇది వర్తించదు. నియామక షరతులు కాగితం మీద ఉండవలసిన అవసరం లేదని, స్పష్టంగా చెప్పినా, ప్రవర్తన ద్వారా అర్థమైనా సరిపోతుందని నిర్వచనమే చెబుతోంది. కనుక నియామక పత్రం లేకపోవడం వల్ల దర్జీ ఉద్యోగి కాకుండా పోడు.

పీసు రేటు మీద పని చేసేవాడు ఉద్యోగి అవుతాడా అన్న ప్రశ్నకు సుప్రీం కోర్టు ఇచ్చిన ప్రధానమైన సమాధానాలలో ఒకటి తెలుగు నేల మీది దర్జీ దుకాణాల నుంచి వచ్చింది. ‘సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్’ వ్యాజ్యంలో 1973 సెప్టెంబరులో జస్టిస్ కె.కె. మాథ్యూ తీర్పు రాశారు. ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం, 1951 ఆ దర్జీలకు వర్తిస్తుందా అన్నది వివాదం. దుకాణదారుల వాదన ఏ ఓస్తాగర్ నోటనైనా వినిపించగలదు. దర్జీలు ఇష్టం వచ్చినప్పుడు వస్తారు, రాని రోజు సెలవు అడగరు, పని లేకపోతే వెళ్ళిపోతారు, కొందరు బట్ట ఇంటికి తీసుకువెళ్ళి కుడతారు, కుట్టినంతకే డబ్బు తీసుకుంటారు, అటువంటప్పుడు వారు మా ఉద్యోగులెలా అవుతారన్నారు.

న్యాయస్థానం మరో వైపు నుంచి చూసింది. మిషన్లు దుకాణదారువి. స్థలం దుకాణదారుది. ఎలా కుట్టాలో చెప్పేది ఆయనే. నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించేదీ, మాట వినకపోతే పని ఇవ్వడం మానేదీ ఆయనే. పనిని ఇలా తిరస్కరించి, సరిచేయించే అధికారం ఉన్నచోట యజమాని, ఉద్యోగి సంబంధం ఉన్నట్లేనని తీర్పు చెప్పింది. పీసు రేటు చెల్లింపు గాని, రోజంతా కూర్చోవాలన్న నిర్బంధం లేకపోవడం గాని ఆ సంబంధాన్ని చెరిపివేయవని పేర్కొంది. దశాబ్దం తరువాత, 1983లో, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ‘షైనింగ్ టైలర్స్’ వ్యాజ్యంలోనూ సుప్రీం కోర్టు ఇదే దారిలో నడిచింది. పీసు రేటు అన్నది వేతనాన్ని లెక్కించే పద్ధతి మాత్రమే.

దలిజ్‌కు ఈ కొలబద్ద పెట్టి చూస్తే, ఓస్తాగర్ మిషను మీద, ఓస్తాగర్ గదిలో, ఓస్తాగర్ కత్తిరించి ఇచ్చిన బట్టను కుట్టే దర్జీ విషయంలో సందేహానికి తావు తక్కువ. సొంత మిషను మీద, సొంత ఇంటిలో, ముగ్గురు ఓస్తాగర్లకు మార్చిమార్చి కుట్టే మనిషి విషయం కష్టమైనది. గుండీలు కుట్టే గృహిణి విషయం అంతకంటే కష్టమైనది. బీడీ పరిశ్రమకు 1966లో వచ్చిన ప్రత్యేక చట్టం ఇంటి వద్ద చుట్టేవారిని పేరుపెట్టి లోపలికి తీసుకుంది. ఇంటి వద్ద కుట్టేవారికి అటువంటి ప్రత్యేక చట్టం రాలేదు. ఇది చట్టంలోని పెద్ద లోటు అని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

పీసు రేటుకు అడుగు ఎక్కడ?

2025 నవంబరు 21న వేతనాల స్మృతి దేశంలో అమలులోకి వచ్చింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం, 1976 నాటి సమాన వేతన చట్టం దానిలో కలిసిపోయాయి. పాత చట్టాల కింద వచ్చిన నియమాలు, ప్రకటనలు కొత్త స్మృతికి విరుద్ధం కానంత మేరకు కొనసాగుతాయి.

చిన్న కుట్టు గదులకు ఈ మార్పు ఎందుకు ముఖ్యమంటే, పాత వ్యవస్థలో ప్రతి చట్టానికీ ఒక గడప ఉండేది. చెల్లింపు చట్టం కర్మాగారాలు, రైల్వేలు, ప్రకటించిన కొన్ని సంస్థలకు పరిమితం. అది కూడా నెలకు రూ.24,000 లోపు వేతనం ఉన్నవారికే. కనీస వేతనాల చట్టం షెడ్యూలులో పేరున్న పనులకు మాత్రమే వర్తించేది. నలుగురైదుగురు కుట్టే గది కర్మాగారం నిర్వచనానికి అందేది కాదు. కొత్త స్మృతి కనీస వేతనాన్ని, వేళకు చెల్లింపును షెడ్యూలుతోనూ వేతన పరిమితితోనూ నిమిత్తం లేకుండా అన్ని రంగాల ఉద్యోగులకు వర్తింపజేసింది. రాష్ట్రాలు నిర్ణయించే కనీస వేతనానికి కేంద్రం ఒక అడుగు మట్టాన్ని ప్రకటించాలి, ఏ రాష్ట్రమూ దానికంటే కిందికి పోకూడదు. అంతకుముందు కేంద్రం ప్రకటిస్తూ వచ్చిన జాతీయ స్థాయి కనీస వేతనం (2017 జూన్ నుంచి రోజుకు రూ.176) కేవలం సలహా, పాటించి తీరాలన్న నియమం లేదు.

ఇక పీసు రేటు. ప్రభుత్వం ఒక పనికి పీసు లెక్కన కనీస రేటును ప్రకటించవచ్చు. అలా ప్రకటించక కాలాన్ని బట్టి, అంటే గంటకో రోజుకో నెలకో, కనీస వేతనం మాత్రమే నిర్ణయించి ఉంటే, పీసు లెక్కన పని చేసేవారికి ఆ కాలపు వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదని స్మృతిలోని 12వ సెక్షన్ చెబుతోంది. 1948 చట్టంలోనూ ఇదే నియమం ఉండేది. తెలిసినవారు తక్కువ, అంతే.

లెక్క వేసి చూద్దాం. కింది అంకెలు ఉదాహరణ కోసం ఊహించినవి. ఏ రాష్ట్ర ప్రకటనలోనివీ కావు. కనీస వేతనం రోజుకు రూ.400, పనిదినం 8 గంటలు అనుకుందాం. ఒక గౌను కుట్టడానికి ఓ మోస్తరు వేగం గల దర్జీకి 20 నిమిషాలు పడితే 8 గంటలలో 24 గౌన్లు అవుతాయి. రూ.400 రావాలంటే గౌనుకు కనీసం రూ.16.67 ఉండాలి. ఓస్తాగర్ ఇచ్చేది పది రూపాయలైతే వచ్చేది రూ.240, రోజుకు లోటు రూ.160. దర్జీ ఏం చేస్తాడు? ఫిర్యాదు చేయడు, ఇంకో నాలుగు గంటలు కూర్చుంటాడు. 12 గంటలకు 36 గౌన్లు, రూ.360. అయినా 8 గంటల కనీస వేతనం అందలేదు.

అంతటితో లెక్క ముగియలేదు. సాధారణ పనిదినం దాటిన ప్రతి గంటకు రెట్టింపు రేటు ఇవ్వాలన్నది స్మృతి నియమం. గంటకు రూ.50 అయితే అదనపు 4 గంటలకు రూ.400. అంటే ఆ రోజు రావలసినది రూ.800, చేతికి వచ్చినది రూ.360. పీసు రేటులో అదనపు గంటలు కంటికి కనబడవు. ‘ఎక్కువ కుట్టాడు, ఎక్కువ తీసుకున్నాడు’ అన్న మాట కింద అవి కప్పబడిపోతాయి. అయితే ఆ గంటలు యజమాని అవసరం కోసం చేసినవా, దర్జీ తన ఇష్టంతో కూర్చున్నవా అన్నది వివాదంలో తప్పక ముందుకు వస్తుంది. సంతకు శనివారం ఉదయానికి సరుకు అందాలని చెప్పి రాత్రంతా కుట్టించినప్పుడు ఇష్టం అన్న మాటకు అర్థం లేదు.

మరొక నియమానికి రావలసినంత ప్రచారం రాలేదు. రోజు లెక్కన కనీస వేతనం వర్తించే వ్యక్తి పనికి సిద్ధంగా ఉండి, యజమాని పని చూపలేకపోవడం వల్ల పూర్తి గంటలు పని చేయలేకపోతే, నియమాలలో చెప్పిన మినహాయింపులు తప్ప, ఆ రోజుకు పూర్తి వేతనం రావాలి. బట్ట రాలేదని గదిలో కూర్చోబెట్టిన పూటకు ఖర్చు భరించవలసినది దర్జీ కాదు. (పండుగ తరువాత పని లేక అసలు పిలవని నెలలకు ఇది వర్తించదు.)

పీసు రేటుకు అడుగు నిర్ణయించడం ఇతర దేశాలకూ తలనొప్పే. బ్రిటన్‌లో సగటు వేగంతో గంటకు ఎన్ని పీసులు అవుతాయో ముందు పరీక్షించి, ఆ అంకెను 1.2తో భాగించి, నిదానంగా పని చేసేవారు కూడా కనీస వేతనం అందుకునేలా రేటు కడతారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకా ముందుకు వెళ్ళింది. సామూహిక ఒప్పందం ఉన్నచోట తప్ప దుస్తుల పరిశ్రమలో పీసు రేటునే 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. అంతేకాదు, కుట్టించే చిన్న యజమాని ఎగవేస్తే, ఆ దుస్తులను తన పేరుతో అమ్మే కంపెనీ కూడా బాధ్యత వహించాలని చెప్పింది.

కోతలు, బాకీలు

‘ఈ పది పీసులు పాడయ్యాయి, వీటికి డబ్బు లేదు.’ కుట్టుపనిలో వేతనం తరిగిపోయేది ఎక్కువగా ఈ వాక్యం దగ్గరే. స్మృతి అనుమతించిన కారణాలకు తప్ప వేతనంలో కోత పెట్టకూడదు. పని చేసేవాడికి అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్ల పాడైతే కోత పెట్టవచ్చు గాని, అది జరిగిన నష్టాన్ని మించకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. బట్టలోనే లోపం ఉన్నా, కత్తిరింపులోనే తప్పు జరిగినా అది కుట్టినవాడి నిర్లక్ష్యం కాదు. జరిమానా వేయాలంటే ఏ తప్పులకు వేస్తారో ముందుగా ప్రకటించి ఉండాలి. అది ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతాన్ని మించకూడదు, వాయిదాలలో వసూలు చేయకూడదు, 90 రోజులు దాటిన తరువాత అసలే వసూలు చేయకూడదు. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు.

ముందుగా తీసుకున్న డబ్బును కోతగా రాబట్టుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. అయితే ఆ బాకీ తీరేదాకా మరొకచోట పని చేయకూడదని, ఊరు వెళ్ళకూడదని షరతు పెడితే అది ఇక అడ్వాన్సు కాదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద అటువంటి బంధనం నేరం, ఆ బాకీ రద్దయినట్లే. దీనికి రాజ్యాంగంలోని 23వ అధికరణం పునాది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయవలసి రావడం కూడా నిర్బంధ శ్రమేనని సుప్రీం కోర్టు ప్రకటించింది. ఆకలి చేసే నిర్బంధం కూడా నిర్బంధమే అన్నది ఆ తీర్పులోని ఆలోచన. ఆ వ్యాజ్యంలో ఒక చిన్న అంకె ఉంది. మనిషికి రోజుకు రూ.9.25 చొప్పున డబ్బు జమాదారుల చేతికి వెళ్ళేది. వారు రూపాయి కమిషను మినహాయించుకొని కార్మికుడికి రూ.8.25 ఇచ్చేవారు. కనీస వేతనానికి గండి పడింది ఆ రూపాయి దగ్గరే.

మధ్యవర్తి ఉన్న ప్రతిచోటా ఇదే జరుగుతుంది. సిరిసిల్లలో నూలు ఇచ్చే యజమానికి, మరమగ్గం నడిపే కార్మికుడికి మధ్య ఆసామి ఉంటాడు. మెటియాబ్రుజ్‌లో టోకు వ్యాపారికి, దర్జీకి మధ్య ఓస్తాగర్, కొన్నిచోట్ల ఓస్తాగర్‌కు దర్జీకి మధ్య దలిజ్ నడిపే మనిషి ఉంటారు. గొలుసు పొడుగయ్యే కొద్దీ ‘నేను కాదు, పైవాడు’ అన్న సమాధానం సులువవుతుంది. స్మృతి ‘యజమాని’ నిర్వచనంలో కంట్రాక్టరునూ చేర్చింది. చెల్లించవలసినవాడు చెల్లించకపోతే ఆ సంస్థకు హక్కుదారైన కంపెనీ గాని వ్యక్తి గాని బాధ్యత వహించాలని చెప్పింది. నిజానికి చాలామంది ఓస్తాగర్లు కూడా అప్పు మీద బట్ట తెచ్చి, సంతలో అమ్ముడుపోతే గాని చేతిలో డబ్బు కనబడని చిన్న వ్యాపారులే. అది వారి కష్టమే గాని, దర్జీ వేతనాన్ని ఆపడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు.

ఎప్పుడు చెల్లించాలి?

వేతన కాలం రోజు, వారం, పక్షం, నెలలలో ఏదైనా కావచ్చు, నెలను మాత్రం దాటకూడదు. రోజుకూలి ఆ రోజు పని ముగియగానే, వారం కూలి ఆ వారపు చివరి పనిదినాన, పక్షానిది ఆ తరువాత రెండు రోజులలో, నెల జీతం మరుసటి నెల ఏడవ తేదీలోగా ఇవ్వాలి. పని మానినా, మాన్పించినా, సంస్థ మూతపడినా రావలసినదంతా రెండు పనిదినాలలో ఇవ్వాలి. పండుగ వరకు లెక్క తేల్చని ఆచారానికి ఇందులో చోటు లేదు.

వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. స్త్రీ పురుషులు చేసే ఒకే పనికి వేతనంలో తేడా చూపకూడదు. బోనస్ విషయంలో మాత్రం గడప అలాగే ఉంది: 20 మంది, ఆపైన పని చేసే సంస్థలలో, ఏడాదిలో కనీసం 30 రోజులు పని చేసి, ప్రభుత్వం నిర్ణయించిన వేతన పరిమితికి లోబడి ఉన్నవారికి కనీసం 8.33 శాతం. చాలా దలిజ్‌లు ఈ సంఖ్యకు చేరవు. అక్కడ పండుగకు ఇచ్చేది ఇష్టపూర్వకమైన ఈనాము మాత్రమే.

నెల జీతగాళ్ళకు సంబంధించిన మార్పు ఇక్కడ చెప్పుకోవాలి. మూలవేతనం, కరువు భత్యం, రిటైనింగ్ భత్యం వేతనంలో భాగాలు. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఓవర్‌టైము, కమిషను వంటివి వేతనం కావు. కాని ఆ మినహాయింపుల మొత్తం అందే సొమ్ములో సగాన్ని దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. మొత్తం రూ.40,000లో మూలవేతనం, కరువు భత్యం కలిపి రూ.15,000, మినహాయింపులు రూ.25,000 అయితే, సగాన్ని మించిన రూ.5,000 వేతనంలో కలిసి అది రూ.20,000 అవుతుంది. గ్రాట్యుటీ వంటివి ఈ అంకె మీదనే ఆధారపడతాయి. మూలవేతనాన్ని కుదించి భత్యాలను ఉబ్బించే పాత అలవాటును ఆపడం దీని ఉద్దేశం.

జీతం అనే మాట జీవితం నుంచే వచ్చిందని, ‘జీవితము’ ప్రకృతి, ‘జీతము’ వికృతి అని బడిలో చదువుకున్నాం. ‘వేతనం’ అన్న చట్టపు మాటలో ఆ వెచ్చదనం లేదు.

గార్డెన్ రీచ్ నుంచి వాల్తేరు వరకు

మెటియాబ్రుజ్‌ను ఆనుకొని ఉన్న గార్డెన్ రీచ్‌తో తెలుగువారికి వేతనాల విషయంలోనే పాత పరిచయం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడ ఉండేది. నేటికీ ఆగ్నేయ రైల్వే కేంద్రం అదే. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరే వరకు వాల్తేరు డివిజను ఉద్యోగుల వ్యవహారాలు గార్డెన్ రీచ్‌కే నివేదించవలసి వచ్చేది. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలోను, హుగ్లీ తీరాన టిటాగఢ్ జనపనార మిల్లులలోను 20వ శతాబ్ది తొలి దశకాల నుంచి ఉత్తర కోస్తా తెలుగువారు పెద్ద సంఖ్యలో పని చేశారు. ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, 1927 ఖరగ్‌పూర్ సమ్మెకు నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు తెలుగువాడైన వి.వి. గిరి.

జనపనార మిల్లులలో పని ఇప్పించినందుకు సర్దారులు కార్మికుల నుంచి దస్తూరీ వసూలు చేసే రోజులవి. జీతాల ఆలస్యం, విచ్చలవిడి జరిమానాల గురించి 1929లో నియమితమైన విట్లీ కమిషన్ 1931 నివేదికలో వివరంగా చర్చించింది; 1936 చెల్లింపు చట్టానికి నేపథ్యం అదే. గిరి తరువాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా 1954లో ఆ పదవికి రాజీనామా చేశారు. వేతనం మీద తేలిన తీర్పును అమలు చేయనప్పుడు కార్మిక మంత్రి కుర్చీలో ఉండడానికి ఆయన ఒప్పుకోలేదు.

అడగడం ఎలా?

వేతనం తక్కువ ఇచ్చినా, ఆపినా, అక్రమంగా కోసినా, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ముందు క్లెయిము వేయవచ్చు. ఉద్యోగి స్వయంగా గాని, అతను సభ్యుడుగా ఉన్న రిజిస్టరైన కార్మిక సంఘం గాని వేయవచ్చు. మొదట వెళ్ళవలసినది స్థానిక కార్మిక శాఖ కార్యాలయానికి. గడువు మూడు సంవత్సరాలు. పాత చట్టాలలో ఇది కనీస వేతనానికి 6 నెలలు, చెల్లింపు వివాదాలకు 12 నెలలే. క్లెయిము రుజువైతే రావలసిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. తక్కువ చెల్లించిన యజమానికి రూ.50,000 వరకు జరిమానా పడవచ్చు. అయిదేళ్ళలోపు మళ్ళీ అదే నేరానికి దోషిగా తేలితే మూడు నెలల జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు న్యాయ సేవల సంస్థల నుంచి ఉచితంగా న్యాయవాది సహాయం పొందవచ్చు. దేశమంతటా 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

వేతనం చెల్లించానని రుజువు చేసే భారం యజమానిదేనని స్మృతిలోని 59వ సెక్షన్ చెబుతోంది. అంటే ఓస్తాగర్ పుస్తకంలోని లెక్కను ఓస్తాగరే నిలబెట్టుకోవాలి. ఈ నియమం దర్జీకి పెద్ద అండ. అయితే అది పనికి రావాలంటే ముందు ఒక మెట్టు ఎక్కాలి. ఆ యజమాని వద్ద తాను పని చేశానని చూపవలసినది దర్జీయే. ఈ-శ్రమ్ కార్డు వృత్తిని చెబుతుంది గాని యజమాని పేరు చెప్పదు. నగదు చెల్లింపుకు ఆనవాలు ఉండదు. ఎక్కువ క్లెయిములు చిక్కుకుపోయే చోటు ఇదే.

ఆ మెట్టుకు కావలసిన సామగ్రి ఖరీదైనది కాదు. పది రూపాయల నోటు పుస్తకంలో తేదీ, తెచ్చుకున్న కట్ట, కుట్టిన పీసులు, పీసు రేటు, మొదలుపెట్టిన, ముగించిన వేళలు, తీసుకున్న డబ్బు, తిప్పికొట్టిన పీసులు, వాటికి చెప్పిన కారణం ఏ రోజుది ఆ రోజు రాసుకోవాలి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు. వారానికోసారి ఓస్తాగర్ చేత గాని, లెక్క చూసే గుమాస్తా చేత గాని ఒక పొడి సంతకం పెట్టించుకోగలిగితే మంచిది. పెట్టకపోతే ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి, వారి వాట్సాప్‌కే పంపవచ్చు. ‘రేపు పొద్దుటికి నలభై కావాలి’ అని వచ్చిన సందేశం, ఫోన్‌పేలో వచ్చిన రెండు వేలు, పక్క మిషను మీద కూర్చున్నవాడి సాక్ష్యం, ఇవన్నీ ఆధారాలే. ఎన్ని రోజుల లెక్క లేదో అన్ని రోజులకు జ్ఞాపకం నుంచి వాదించుకోవలసి వస్తుంది. మూడేళ్ళ గడువు ఒక్కసారిగా ముగిసేది కాదు. క్లెయిము వేయని ప్రతి వారం, వెనుక నుంచి ఒక వారం కూలి ఆ గడువు దాటిపోతూ ఉంటుంది.